మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఒకప్పుడు పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచేయడం లేదు?

వేకువ (ప్రశ్న)

మా అమ్మగారి వయసు 62 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా థైరాయిడ్ లోపానికి లీవోథైరాక్సిన్, రెండేళ్ళుగా రక్తపోటుకు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నారు. కిందటేడు దాకా రెండూ అదుపులోనే ఉండేవి. ఈ ఏడాది టీఎస్‌హెచ్ (థైరాయిడ్ లోపిస్తే రక్తంలో పెరిగే హార్మోను) 9.2కి పెరగడంతో లీవోథైరాక్సిన్ మోతాదును 75 నుంచి 100 మైక్రోగ్రాములకు పెంచారు. రెండు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయిస్తే 8.6 వచ్చింది. ఇంచుమించు అదే సమయంలో రక్తపోటు కూడా 130 నుంచి 150 పైకి పోయింది. దానికి ఇంకో మందు చేర్చవలసి వస్తుందేమోనని డాక్టరుగారు అంటున్నారు.

అమ్మగారు ఒక్క పూట కూడా మాత్ర మానరు. ఆ మాట నేను కళ్ళారా చూసి చెబుతున్నాను. మధ్యలో ఒకసారి పాత కంపెనీ మాత్ర దొరకక అదే మందు వేరే కంపెనీది తెచ్చుకున్నాం. అనుమానం దాని మీదే ఉంది. మా పిన్నిగారు కూడా ఇదే టెల్మిసార్టాన్ ఇదే మోతాదులో వాడుతున్నారు, ఆవిడకు రక్తపోటు చక్కగా ఉంది. ఒకే మందు ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడం ఏమిటి? అసలు ఒక మందు పనిచేస్తోందని మనం దేన్ని చూసి అనుకోవాలి? మోతాదు పెంచుకుంటూ పోవడమే దారి అంటే నాకు మనసొప్పడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

గుళిక

వేకువ గారూ, నేను ఆసుపత్రి ఫార్మసీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మీరు రాసినది చదవగానే నాకు మందు మీద కాక, ఆ మందు కడుపులోకి వెళ్తున్న తీరు మీద అనుమానం కలిగింది. రెండు వేర్వేరు జబ్బులకు వాడే రెండు వేర్వేరు మందులు ఏళ్ళ తరబడి సరిగా పనిచేసి, ఒకే కాలంలో రెండూ తప్పాయంటే, ఇంట్లో కొత్తగా ఏదో వచ్చి చేరి ఉండాలి. అది మరో మాత్ర కావచ్చు, టానిక్ కావచ్చు, మందులు వేసుకునే వేళలో వచ్చిన మార్పు కావచ్చు.

లీవోథైరాక్సిన్ చాలా సున్నితమైన మందు. దాన్ని మైక్రోగ్రాములలో, అంటే గ్రాములో పదిలక్షల వంతుల లెక్కన ఇస్తారు కాబట్టి, పేగులో కాస్త నష్టమైనా పరీక్షలో కనబడిపోతుంది. పరగడుపున, మంచినీళ్ళతో, ఫలహారానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు పేగులోనే దాన్ని పట్టి ఉంచి రక్తంలోకి చేరనివ్వవు కనుక వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీతో కలిపి వేసుకున్నా మందు ఒంటికి పట్టేది తగ్గుతుంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు రోజూ వాడేవారికి కూడా, మాత్ర కరగడానికి ఆ ఆమ్లం అవసరం కాబట్టి, థైరాయిడ్ మోతాదు చాలకుండా పోవచ్చు.

ఇక రక్తపోటు విషయంలో నేను మొట్టమొదట అడిగేది నొప్పి మాత్రల గురించి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్ వంటివి మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచేలా చేస్తాయి. టెల్మిసార్టాన్ వంటి మందులు ఒకవైపు రక్తపోటును దించుతుంటే ఇవి మరోవైపు పెంచుతుంటాయి. పైగా ఈ రెండు రకాలూ కలిస్తే మూత్రపిండాల మీద భారం పడుతుంది. వాటికి నీరు పోయే మాత్ర కూడా తోడైతే ప్రమాదం మరింత ఎక్కువ. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే మాత్రలలో సోడియం బాగా ఉంటుంది. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ కూడా రక్తపోటును పెంచగలదు. చీటీ మీద రాసినవే మందులని, తక్కినవి లెక్కలోకి రావని చాలామంది అనుకుంటారు. అందుకే ఏమేం వాడుతున్నారని అడిగితే వీటి ఊసే ఎత్తరు.

కంపెనీ మారడం గురించి మీకున్న అనుమానాన్ని నేను కొట్టిపారేయను గానీ, దానికి మీరు ఇచ్చినంత బరువు ఇవ్వను. జనరిక్ మందును, అంటే అసలు మందునే వేరే కంపెనీ తయారుచేసినదాన్ని, అనుమతించే ముందు, రక్తంలోకి అది చేరే పరిమాణాన్ని అసలు మందుతో పోల్చి చూస్తారు. ఆ పోలిక తాలూకు 90 శాతం విశ్వాస అంతరం (నిజమైన సగటు ఉండగల కింది, పై అంచనాల మధ్య మేర) మొత్తంగా 80 నుంచి 125 శాతం హద్దుల లోపల ఉండాలి. దీన్ని మందు 20 శాతం తక్కువైనా పరవాలేదని అర్థం చేసుకుంటారు, అది పొరపాటు. అంతరం రెండు కొసలూ హద్దుల లోపల ఇమడాలంటే అసలు సగటు 100కు దగ్గరగా ఉండక తప్పదు. అయినా లీవోథైరాక్సిన్ వంటి సున్నితమైన మందు విషయంలో వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడటం మంచిది. మార్చవలసి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.

మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఒక ఉదయం అమ్మగారి పక్కన కూర్చుని, లేచినప్పటి నుంచి పడుకునేవరకు నోట్లో వేసుకున్న ప్రతి మాత్రనూ, ఏ వేళకు, దేనితో వేసుకున్నారో రాయండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, సీసాలు, పొడులు, పూతమందులతో సహా అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి. మాత్రలు మానడం లేదన్న మీ మాట నమ్ముతున్నాను. అయినా స్ట్రిప్పులో మిగిలినవి ఒకసారి లెక్కపెట్టండి. దీర్ఘకాల జబ్బుల మందులను చెప్పినట్టు వాడేవారు అభివృద్ధి చెందిన దేశాలలో సైతం సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో రాసింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసినది లేదు, రోజూ ఆరేడు మాత్రలు గుర్తుపెట్టుకోవడం నిజంగా కష్టం.

నిదానం

గుళిక గారు చెప్పినది ముందు చూసుకోండి. నేను మీ చివరి ప్రశ్నకు, అంటే మందు పనిచేస్తోందని దేన్ని చూసి అనుకోవాలన్న దానికి మాత్రమే జవాబు రాస్తాను. వైద్య పరీక్షల గణాంకాలతో పనిచేసిన అనుభవం నాది.

మందు పనిచేస్తుందని పుస్తకాలలో రాసినప్పుడు అది ఒక గుంపు గురించి చెప్పిన మాట. 1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు, ఎవరికి మందు ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో వైద్యుల ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించి, రెండు జట్లనూ పోల్చారు. ఆ పద్ధతే నేటికీ ఆధారం. స్కాట్లాండ్ పశ్చిమ ప్రాంతంలో 6,595 మంది మగవారి మీద ప్రావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందును పరీక్షించి 1995లో ఫలితాలు వెల్లడించారు. సుమారు ఐదేళ్ళలో గుండెపోటు వచ్చినవారు లేదా గుండెజబ్బుతో చనిపోయినవారు, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 7.9 శాతం, మందు వాడినవారిలో 5.5 శాతం. దీన్నే 31 శాతం తగ్గుదల అని చెప్పవచ్చు, నూటికి రెండు మూడు గండాలు తప్పాయనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. మొదటి మాట వింటే మందు అద్భుతమనిపిస్తుంది, రెండోది వింటే ఇంతేనా అనిపిస్తుంది. నూరుమందిలో తొంభై ఇద్దరికి మందు లేకపోయినా ఆ ఐదేళ్ళలో ఏమీ అయ్యేది కాదు, ఐదారుగురికి మందు వాడినా గండం తప్పలేదు. మిగిలిన ఆ ఇద్దరు ముగ్గురు ఎవరో వారికే తెలియదు. రాని గుండెపోటు ఎవరికీ కనబడదు కదా. అందుచేత ఇటువంటి మందు వాడుతూ, నాకు తేడా ఏమీ తెలియడం లేదు కాబట్టి ఇది పనిచేయడం లేదని ఎవరైనా మానేస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

మీ అమ్మగారి రెండు మందులూ ఒక కోవలోవి కావు. లీవోథైరాక్సిన్ ఒంట్లో లోపించిన హార్మోను స్థానాన్ని భర్తీ చేస్తుంది. అది రక్తంలోకి చేరితే టీఎస్‌హెచ్ దిగడం దాదాపు అందరిలోనూ జరుగుతుంది. దిగలేదంటే మోతాదు చాలలేదనో, చేరవలసిన చోటికి చేరలేదనో అర్థం. రక్తపోటు మందు ఈ థైరాయిడ్ మందుకూ పైన చెప్పిన కొలెస్ట్రాల్ మందుకూ మధ్యస్థంగా ఉంటుంది: యంత్రం మీద అంకె కనబడుతుంది, అది తప్పించిన పక్షవాతం కనబడదు. బ్రిటన్‌లో 17,354 మందితో స్వల్ప రక్తపోటు మీద జరిపి 1985లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, 850 మందికి ఒక ఏడాది చికిత్స చేస్తే ఒక పక్షవాతం తప్పిందని తేలింది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికీ, ముదిమి వయసువారికీ ఈ లెక్క ఇంతకంటే ఎంతో మేలుగా ఉంటుంది.

అంకె బాగుపడటమే మనిషి బాగుపడటమని అనుకోవడంలోనూ ప్రమాదముంది. గుండెపోటు వచ్చినవారిలో గుండె లయ తప్పడాన్ని అణచడానికి ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు వాడేవారు. ఈసీజీలో లయ చక్కబడేది. 1989లో ఒక పరీక్షలో చూస్తే, ఆ మందులు వాడినవారిలోనే మరణాలు ఎక్కువగా ఉన్నాయి. టెల్మిసార్టాన్ వంటి మందుల విషయంలో అటువంటి భయం అక్కర్లేదు, రక్తపోటు తగ్గితే మేలు జరుగుతుందని ఎన్నో పరీక్షలు నిరూపించాయి.

ఇక అంకెను కొలిచే పద్ధతి. మీరు 150 అన్నది ఆసుపత్రిలో ఒకసారి చూసిన అంకె అయితే దాని మీద నిర్ణయం తీసుకోకండి. రక్తపోటు గంటగంటకూ మారుతుంది, డాక్టరును చూస్తేనే పెరిగేవారూ ఉన్నారు. ఇంట్లో మోచేతి పైన పట్టీ కట్టే యంత్రంతో, మూత్రవిసర్జన ముగించుకుని, ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని, వీపుకు ఆనుడు ఇచ్చి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, మాట్లాడకుండా చూడండి. నిమిషం ఎడంతో రెండుసార్లు, ఉదయమూ సాయంత్రమూ, వరుసగా ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. పట్టీ చేతికి చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

చిరుగాలి

నాకు వైద్యం తెలియదు, అనుభవం ఒకటి మాత్రం చెప్పగలను. మా నాన్నగారు ఉబ్బసానికి ఎనిమిది నెలలు ఇన్‌హేలర్ వాడారు, రెండుసార్లు మందు మార్చారు, ఆయాసం తగ్గలేదు. ఆయన వాడుతుండగా చూపించమని అడిగినవారు లేరు. చివరికి ఒక నర్సుగారు, నా ఎదుట పీల్చండి అన్నారు. ఆయన ముందు నొక్కి, తరువాత గాలి పీల్చారు. తెల్లటి తుంపర పెదవుల పక్క నుంచి పొగలా బయటికి పోయింది. ఎనిమిది నెలలుగా మందులో ఎక్కువ భాగం గదిలోకే పోతోందన్నమాట. ఆవిడ ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య ఒక స్పేసర్ గొట్టం తగిలించి, నెమ్మదిగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టడం నేర్పారు. అదే మందు, అదే మోతాదు, మూడు వారాలకు మెట్లు ఎక్కగలిగారు. వేకువ గారూ, గుళిక గారు చెప్పినట్టు పక్కన కూర్చుని చూడండి, దయచేసి ఆ పని వాయిదా వేయకండి.

వేకువ

అందరికీ కృతజ్ఞతలు. నిన్నా ఇవాళా అమ్మగారి పక్కనే కూర్చుని చూశాను. పొద్దున లేవగానే మాత్రలన్నీ ఒకేసారి ఒక చిన్న గిన్నెలోకి విదిల్చుకుని, మరిచిపోకుండా ఉంటుందని కాఫీతో ఒక్కొక్కటే వేసుకుంటున్నారు. ఆ గిన్నెలో నాలుగున్నాయి: థైరాయిడ్ మాత్ర, రక్తపోటు మాత్ర, ఏడు నెలల కిందట ఎముకలకని రాసిన తెల్లటి పెద్ద కాల్షియం మాత్ర, కడుపుమంటకు పాంటోప్రజోల్. కాల్షియం రాసిన రోజున థైరాయిడ్ మాత్రతో కలపవద్దని మాకు ఎవరూ చెప్పలేదు. అంతకుముందు ఆవిడ థైరాయిడ్ మాత్రను తలగడ పక్కన పెట్టుకుని వేకువజామున నీళ్ళతో వేసుకునేవారట. మాత్రలు పెరిగాక అన్నీ ఒకచోటికి చేర్చేశారు. ఆవిడ మాత్ర మానలేదన్నది నిజమే, ఆ నిజమే ఇన్నాళ్ళూ నన్ను పక్కదారి పట్టించింది.

నొప్పి మాత్ర గురించి అడిగితే, అది మందేమిటి, మోకాలు లాగినప్పుడు వేసుకుంటాను అన్నారు. దిండు కింద డైక్లోఫెనాక్ స్ట్రిప్పు ఉంది. పది మాత్రలలో రెండే మిగిలాయి, కొని వారమే అయిందట. ఆ మాత్రలతో వచ్చిన కడుపుమంటకే పాంటోప్రజోల్ మొదలైందని ఇప్పుడు అర్థమైంది.

నా సందేహం: రేపటి నుంచి థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసి, కాల్షియం రాత్రికి మార్చి, నొప్పి మాత్ర ఆపేస్తే సరిపోతుందా?

నాడి

నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. మీ అమ్మగారిని పరీక్షించలేదు కాబట్టి నేను రాసేది మీ డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ఉపయోగపడే సమాచారంగా మాత్రమే తీసుకోండి.

వేళలు మార్చడం సరైనదే, కానీ ఆయనకు చెప్పి మార్చండి. ఇన్నాళ్ళూ 100 మైక్రోగ్రాములలో కొంత భాగమే ఒంటికి పడుతుండి ఉంటుంది. ఇప్పుడు అంతా పడితే ఆ మోతాదు ఆవిడకు ఎక్కువ కావచ్చు, ఎందుకంటే ఒకప్పుడు 75తోనే అదుపులో ఉన్నారు కదా. ఈ వయసులో థైరాయిడ్ మందు ఎక్కువైతే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం జరుగుతాయి. 75కి తిరిగి వెళ్ళాలా, 100తోనే చూడాలా అన్నది ఆయన నిర్ణయించాలి. గుండెదడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం, చెమటలు కనబడితే పరీక్ష తేదీ దాకా ఆగకండి. ఈ మందు రక్తంలో సగం తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అటువంటి నాలుగైదు వారాలు గడిస్తే గానీ కొత్త నిలకడ రాదు, టీఎస్‌హెచ్ అంకె ఆ తరువాత కుదురుకుంటుంది. పదిరోజులకే పరీక్ష చేయించి కంగారుపడటం వల్ల ఉపయోగం లేదు. టెల్మిసార్టాన్‌కు కూడా పూర్తి ఫలితం కనబడటానికి నాలుగు వారాలు పడుతుంది కనుక, నొప్పి మాత్ర ఆగాక నిదానం గారు చెప్పిన పద్ధతిలో ఇంటి అంకెలు చూసి, అప్పుడు రెండో మందు సంగతి ఆలోచించవచ్చు. ఆ ఇంటి అంకెలు తేలేదాకా టెల్మిసార్టాన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు, పెంచకూడదు.

నొప్పి మాత్ర ఆపండి అని చెప్పి ఊరుకుంటే ఆవిడ మళ్ళీ దిండు కింద దాచుకుంటారు. మోకాలు నొప్పి నిజం. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, పైపూత జెల్, అవసరమైనప్పుడు పరిమిత మోతాదులో పారాసెటమాల్ వంటి మార్గాలను మీ డాక్టరుగారిని అడగండి. ఇన్ని నెలలు టెల్మిసార్టాన్, డైక్లోఫెనాక్ రెండూ కలిపి వాడారు కనుక మూత్రపిండాల స్థితి తెలియడానికి క్రియాటినిన్, పొటాషియం అనే రక్త పరీక్షలు ఈ వారంలోనే చేయించడం మంచిది.

పిన్నిగారి మాట మిగిలింది. ఒకే మందు ఇద్దరికి ఒకేలా పనిచేయకపోవడానికి వయసు, బరువు, మూత్రపిండాల శక్తి, కాలేయం శక్తి, తోడుగా వాడే మందులు, పుట్టుకతో వచ్చిన జన్యువులు, ఇవన్నీ కారణాలే. కొడీన్ అనే నొప్పి మందు కాలేయంలో ఒక ఎంజైము వల్ల మార్ఫిన్‌గా మారితేనే నొప్పి తగ్గుతుంది. ఆ ఎంజైము లేనివారికి అది వేసినా వేయనట్టే, అది అతిగా పనిచేసేవారికి మామూలు మోతాదే ప్రాణాంతకం కావచ్చు. గుండె స్టెంటు తరువాత ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా అలా ఒంట్లో మారితేనే పనిచేస్తుంది. ఆ మార్పును జరిపే ఎంజైమును ఒమెప్రజోల్ అడ్డుకుంటుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మాత్రం ఎంజైములను రెచ్చగొట్టి, గర్భనిరోధక మాత్రలను, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌ను త్వరగా ఖర్చుచేయించేస్తుంది. పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ పండు (పేరు చూసి ద్రాక్ష అనుకోకండి) పేగులోని ఒక ఎంజైమును అణచి కొన్ని మందులను రక్తంలో పెంచేస్తుందన్న సంగతి 1989లో అనుకోకుండా బయటపడింది. ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందుతో మద్యం కలిస్తే ఏమవుతుందో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండటానికి ఆ పండ్ల రసం వాడింది. తీరా చూస్తే రక్తంలో మందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. మీ అమ్మగారి విషయంలో ఇంత దూరం వెళ్ళవలసిన అవసరం కనబడటం లేదు, ఆ గిన్నెలోని నాలుగు మాత్రలూ దిండు కింది స్ట్రిప్పూ చాలావరకు సమాధానం చెబుతున్నాయి.

ఒక విషయం మరవకండి. డైక్లోఫెనాక్ ఆగి కడుపుమంట తగ్గితే పాంటోప్రజోల్ అవసరం కూడా తీరిపోవచ్చు. దాన్ని ఆపితే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టేది మళ్ళీ మారవచ్చు. అందుకని కాల్షియం వేళ మార్చిన తేదీ, నొప్పి మాత్ర ఆపిన తేదీ, పాంటోప్రజోల్ ఆపితే ఆ తేదీ ఒక కాగితం మీద రాసి రిపోర్టుల ఫైలుకు జతచేయండి. పాంటోప్రజోల్ ఆపిన తేదీ నుంచి ఆరు వారాలు లెక్కపెట్టి మరొకసారి టీఎస్‌హెచ్ చూపించండి.